ఇరవై క్యారెట్లా, ఇరవై నాలుగా? బైజాంటైన్ బంగారు నాణేల్లో అరుదైన రకాలను పోల్చుకోవడం

బైజాంటైన్ (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి మొదటి జస్టీనియన్ (527–565) సాలిడస్ అనే బంగారు నాణెం పేరున్న వేలాల్లో తరచూ కనబడుతుంది. అరుదైనదేమీ కాదు. అదే చక్రవర్తి బొమ్మ, అదే దేవదూత ఉన్న ఇంకో నాణెం బొరుసు వైపు అడుగున ‘కానోబ్’ అన్న అయిదు అక్షరాలకు బదులు ‘ఓబీ’, దాని పక్కన రెండు ఎక్స్ అక్షరాలు ఉన్నాయనుకోండి. అప్పుడు అది చాలా తక్కువగా దొరికే రకం. రెండింటినీ పక్కపక్కన పెట్టినా కొత్తవాళ్లకు తేడా తెలియదు. చూపు ముందుగా చక్రవర్తి ముఖం మీదికి పోతుంది కాబట్టి. బైజాంటైన్ బంగారంలో పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. ముందు తూకం వేయాలి, తర్వాత అడుగు అక్షరాలు చదవాలి, ఆ తర్వాత చుట్టూ ఉన్న రాత, చేతిలోని వస్తువులు, దుస్తులు చూడాలి. ముఖం చివరికి వస్తుంది. ఈ కాలపు ముఖాలు చాలావరకు నిజమైన పోలికలు కావు, గడ్డం ఉందా లేదా అన్నంతవరకే పనికొస్తాయి.

తూకం ఎందుకు ముందు? సాలిడస్ పద్ధతి అంతా బరువు మీదే నిలబడింది. నాలుగో శతాబ్దం మొదట్లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఒక రోమన్ పౌను బంగారానికి 72 నాణేలు కొట్టించాడు. ఒక్కొక్కటి దాదాపు 4.5 గ్రాములు. దాన్ని 24 భాగాలు చేస్తే ఒక భాగం ఒక క్యారెట్, అంటే సుమారు 0.19 గ్రాము. మన కంసాలి అంగట్లో 22 క్యారెట్లంటే బంగారం వన్నె. ఇక్కడ మాత్రం క్యారెట్ అంటే తూకం. ఈ తేడా మనసులో పెట్టుకోకపోతే కింద చెప్పేదంతా గజిబిజి అవుతుంది. 20 క్యారెట్ల సాలిడస్‌లో బంగారం వన్నె తగ్గలేదు. నాణెం తేలికైంది, అంతే.

తేలిక సాలిడస్‌లు

జస్టీనియన్ కాలం నుంచి ఏడో శతాబ్దం దాకా కాన్‌స్టాంటినోపుల్ టంకశాల మామూలు 24 క్యారెట్ల నాణెంతో పాటు 23, 22, 20 క్యారెట్ల నాణేలూ కొట్టింది. గ్రాముల్లో లెక్క వేస్తే వరుసగా 4.5, 4.3, 4.1, 3.75. ప్రతి బరువుకీ నాణెం మీద బాహాటంగా గుర్తు వేశారు కాబట్టి ఇది దొంగచాటు మోసం కాదు. 20 క్యారెట్ల వాటి అడుగున ‘ఓబీ’ తర్వాత రోమన్ అంకె ఇరవై, అంటే రెండు ఎక్స్‌లు ఉంటాయి. చక్రవర్తి హెరాక్లియస్ (610–641) కాలంలో ఆ మొదటి రెండు అక్షరాలే తారుమారై ‘బీఓ’ అయ్యాయి. 22 క్యారెట్ల వాటిలో ‘ఓబీ’ పక్కన అక్షరాల బదులు నక్షత్రం, శిలువ గుర్తులు కనిపిస్తాయి. 23 క్యారెట్ల వాటి మీద మాత్రం అడుగున మామూలు ‘కానోబ్’ ఉంటుంది. బొమ్మ పక్కన ఖాళీ జాగాలో వేసిన చిన్న నక్షత్రమే ఆనవాలు.

అసలు చిక్కు ఈ 23 దగ్గరే. 24 క్యారెట్ల నాణెం చేతులు మారి అరిగితే 4.3 గ్రాములకు దిగడం పెద్ద విషయం కాదు. బాగున్న మామూలు సాలిడస్‌లు కూడా ఎక్కువగా 4.35 నుంచి 4.5 మధ్య తూగుతాయి. కాబట్టి తూకం ఒక్కటే చూసి ‘ఇది 23’ అనలేం. నక్షత్రం ఒక్కటే చూసి కూడా అనకూడదు. అనస్టేసియస్, మొదటి జస్టిన్, జస్టీనియన్ల పూర్తి బరువు నాణేల మీద బొరుసు వైపు ఖాళీ జాగాలో నక్షత్రం ఉండటం మామూలే. ఆ నక్షత్రాన్ని చూసి జస్టీనియన్ నాణేన్ని తేలిక రకంగా అమ్మజూపడం తరచూ జరిగే పొరపాటు. మారిస్ (582–602) కాలానికి వచ్చేసరికి మామూలు నాణెం మీద ఆ నక్షత్రం లేదు. అక్కడి నుంచే నక్షత్రానికి బరువు అర్థం వస్తుంది. గుర్తు అదే అయినా ఒక తరంలో అలంకారం, ఇంకో తరంలో తూకం చీటీ.

22, 20 రకాల దగ్గర తూకం, అక్షరం రెండూ ఒకే మాట చెప్పాలి. నాణెం 3.75 గ్రాములు తూగి అడుగున ‘కానోబ్’ ఉంటే అది తేలిక సాలిడస్ కాదు, అంచు కత్తిరించిన మామూలు నాణెం. అడుగున ఓబీ, రెండు ఎక్స్‌లు ఉండి నాణెం 4.4 గ్రాములు తూగితే ఆ అక్షరాలను ఎవరో తర్వాత చెక్కి ఉండాలి, లేదా మొత్తం నాణెమే నకిలీ కావాలి. ఈ రెండో సందర్భం చేతికొస్తే పది రెట్ల భూతద్దంతో అక్షరాల చుట్టూ చూడండి. అచ్చుతో లేచిన అక్షరం పక్కన లోహం సాఫీగా, చిన్న ప్రవాహపు గీతలతో ఉంటుంది. చెక్కి తెచ్చిన అక్షరం చుట్టూ మైదానం, అంటే నాణెంలో బొమ్మ లేని చదును భాగం, గుంటపడి, ఉలి గీతలతో కనిపిస్తుంది.

కత్తిరింపును పట్టుకోవడానికి చుక్కల వలయం చూడాలి. అచ్చులో బొమ్మ చుట్టూ చుక్కల వలయం ఉంటుంది. తేలిక సాలిడస్‌కు మొదటి నుంచే తక్కువ బంగారం పెట్టారు కాబట్టి అందులో వలయం చాలావరకు మిగిలి ఉండొచ్చు. కత్తిరించిన నాణెంలో వలయం ఒక వైపు చాపంలా తెగిపోతుంది, రాతలోని అక్షరాల పై సగం పోతుంది, అంచు గుండ్రంగా కాక చదునుగా, కోణాలుగా ఉంటుంది. నాణెం మధ్యకు కొట్టకపోయినా వలయం ఒక పక్క పోవచ్చు. అలాంటప్పుడు ఎదుటి పక్క వలయం అవతల ఖాళీ లోహం మిగిలి ఉండాలి. రెండు పక్కలా లోహం లేదంటే ఎవరో కోసినట్టే.

ఇంతకీ ఈ తేలిక నాణేలు ఎందుకు? ఒకే సమాధానం లేదు. సామ్రాజ్యం సరిహద్దులు దాటి, ముఖ్యంగా ఉత్తరాన, ఇవి గణనీయంగా దొరికాయి. ఉక్రెయిన్‌లోని పోల్తావా దగ్గర మలాయా పెరెష్చెపినాలో 1912లో బయటపడ్డ నిధిలో హెరాక్లియస్ వంశపు తేలిక నాణేలున్నాయి. దాన్ని బట్టి బయటి రాజ్యాలకు ఇచ్చే కప్పాలకో, వర్తకానికో కొట్టారని ఒక వాదం. సామ్రాజ్యం లోపలా దొరికాయి కాబట్టి పన్ను, జీతాల లెక్కల్లో వాడారని ఇంకో వాదం. గుర్తుపట్టే పనికి ఈ చర్చ తేలే దాకా ఆగనవసరం లేదు. అయితే దొరికిన చోటు రాసి పెట్టని ప్రతి నాణెమూ ఈ ప్రశ్నకు ఒక సాక్ష్యాన్ని పోగొడుతుంది.

‘కానోబ్’ చెప్పేదీ, చెప్పనిదీ

‘కాన్’ అంటే కాన్‌స్టాంటినోపుల్, ‘ఓబ్’ అంటే పుటం పెట్టిన బంగారం. ఓమిక్రాన్, బీటా అక్షరాలు గ్రీకు అంకెల్లో 72 కూడా అవుతాయి. అయితే ‘కానోబ్’ ఉన్నంత మాత్రాన నాణెం రాజధానిలోనే కొట్టారని కాదు. రావెన్నా, రోమ్, కార్తేజ్, థెస్సలోనికా టంకశాలలు కూడా ఆ అయిదు అక్షరాలే వేశాయి. బొమ్మ చెక్కిన తీరు, అక్షరాల ఆకారం, నాణెపు మందం కలిపి చూస్తేనే టంకశాల తేలుతుంది.

బొరుసు వైపు రాత ‘విక్టోరియా’తో మొదలై ఆగస్టస్‌ల పొడి అక్షరాలతో ముగుస్తుంది. దాని చివర ఒక గ్రీకు అక్షరం ఉంటుంది. కాన్‌స్టాంటినోపుల్‌లో పది విభాగాలు పనిచేసేవి. ఆల్ఫా నుంచి అయోటా దాకా ఆ విభాగం గుర్తు అది. ఆరో అంకె ఆంగ్ల ఎస్‌లా కనిపించే స్టిగ్మా అని మరిచిపోవద్దు, దాన్ని చాలామంది రాతలో భాగమనుకుని వదిలేస్తారు. ఒక రకానికి ఫలానా విభాగపు నాణెం తక్కువగా దొరుకుతుందని అమ్మకందారులు చెబితే నమ్మవచ్చు. దానికోసం రెట్టింపు ధర పెట్టడం మాత్రం నా దృష్టిలో అనవసరం. విభాగం మారినంత మాత్రాన చరిత్ర మారదు.

కార్తేజ్‌లో అదే చోట ఉన్న అక్షరానికి అర్థం వేరు. అక్కడ అది సంవత్సరం. పన్నుల కోసం పెట్టుకున్న పదిహేనేళ్ల చక్రంలో, సెప్టెంబర్ 1న మొదలయ్యే ఏడాది సంఖ్య. 312 సెప్టెంబర్‌తో మొదటి చక్రం మొదలైందని లెక్కిస్తే 602 సెప్టెంబర్‌లో ఆరో ఏడాది మొదలవుతుంది. చక్రవర్తి ఫోకాస్ 602 నవంబర్‌లో గద్దెనెక్కాడు. 610 అక్టోబర్‌లో పోయాడు, అప్పటికి పద్నాలుగో ఏడాది మొదలైంది. కాబట్టి ఫోకాస్ పేరున్న కార్తేజ్ నాణెం మీద మూడో అంకె గామా కనిపిస్తే, అది చదవడంలో తప్పయినా కావాలి, నాణెంలోనే తప్పుండాలి. పైగా 608లో ఆఫ్రికా అంతా హెరాక్లియస్ తండ్రి తిరుగుబాటు కిందికి వచ్చింది. ఆ రెండేళ్లలో తండ్రీకొడుకులిద్దరినీ కాన్సుల్ (రోమన్ ఉన్నతాధికారి) దుస్తుల్లో చూపించిన నాణేలు వెలువడ్డాయి, వాటికి చక్రవర్తి బిరుదు లేదు. అరుదైనవాటిలో అవి ముందు వరసలో ఉంటాయి.

కార్తేజ్ నాణేన్ని చేతిలో పెట్టుకోగానే తెలుస్తుంది. రాజధాని సాలిడస్ 20–22 మిల్లీమీటర్ల వెడల్పుతో పలచగా ఉంటుంది. ఏడో శతాబ్దంలో కార్తేజ్ నాణేలు చిన్నబోతూ, మందమవుతూ చివరికి శనగ గింజంత గుండుగా మారాయి. బరువు మాత్రం దాదాపు అంతే. వెడల్పు చూసి వాటిని మూడో వంతు నాణెం ట్రెమిస్సిస్ అనుకోవడం జరుగుతుంది. ట్రెమిస్సిస్ ఒకటిన్నర గ్రాములే, తూస్తే సందేహం తీరుతుంది. 698లో అరబ్బులు కార్తేజ్‌ను పట్టుకోవడంతో ఈ వరస ఆగిపోయింది.

పేరొకటి, మనిషి ఇంకొకడు

రాతను మొదటి అయిదు అక్షరాలతో ఆపేస్తే ఏమవుతుందో చెప్పడానికి లియోన్షియస్‌ను మించిన ఉదాహరణ లేదు. 695 నుంచి 698 దాకా ఏలిన ఇతన్ని పుస్తకాల్లో లియోన్షియస్ అంటాం. నాణెం మీద మాత్రం అతని పేరు ‘లియోన్’. 717లో వచ్చిన మూడో లియో నాణెం మీదా ‘లియోన్’ అనే ఉంటుంది. ఇద్దరూ గడ్డంతో ఎదురుగా చూస్తారు, ఇద్దరి చేతిలోనూ శిలువ గోళం, అకాకియా అనే పొడవాటి చిన్న మూట ఉంటాయి, బొరుసు వైపు ఇద్దరికీ మెట్ల మీద శిలువే. తేడా పేరు తర్వాత ఉంది. లియోన్షియస్ రాత ‘పీఈ ఏవీ’ అని ముగుస్తుంది, నిత్య ఆగస్టస్ అన్న బిరుదు అది. లియో రాత ‘పీఏ మల్’ అని ముగుస్తుంది, చిరకాలం వర్ధిల్లాలన్న జయధ్వానానికి పొడి అక్షరాలు. దుస్తులు చూడండి: లియోన్షియస్ మీద లోరోస్ ఉంటుంది, అంటే ఛాతీని అడ్డంగా చుట్టిన రత్నాల పట్టీ. లియో మీద ఉన్నది క్లామిస్, కుడి భుజం దగ్గర పిన్నుతో బిగించిన పై వస్త్రం. రాత అరిగినా దుస్తులు చెబుతాయి.

ఆ ఇరవై ఏళ్లలో గద్దె ఎన్నో చేతులు మారింది. 711–713 ఫిలిప్పికస్, 713–715 రెండో అనస్టేసియస్, 715–717 మూడో థియోడోసియస్. ముగ్గురి నాణేలూ తక్కువ. ఫిలిప్పికస్‌ను చేతిలోని, కొసన గద్ద బొమ్మ ఉన్న రాజదండంతో పట్టుకోవచ్చు. రెండో అనస్టేసియస్ నాణెం మీద అతని అసలు పేరు ఆర్టెమియస్ ముందుగా వస్తుంది. 491–518 నాటి మొదటి అనస్టేసియస్‌తో కలపడానికి వీలే లేదు. ఆ మొదటి అనస్టేసియస్ కవచం తొడిగి, ఈటె భుజం మీద పెట్టి, కొంచెం పక్కకు తిరిగి చూస్తాడు.

జాయింటు పాలనలు ఇంకో అరుదైన గని. 527లో ఏప్రిల్ 4 నుంచి ఆగస్టు 1 దాకా మొదటి జస్టిన్, జస్టీనియన్ కలిసి ఏలారు. ఆ నాలుగు నెలల సాలిడస్ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉంటారు. రాతలో ‘జస్టిన్’ మాత్రమే చదివి ఆపేస్తే మిగతా సగం పోతుంది. 1042లో జోయీ, థియోడోరా అక్కచెల్లెళ్లు రెండు నెలలైనా నిండకుండా కలిసి ఏలారు, వారి బంగారం మరీ అరుదు. 797–802 మధ్య ఒంటరిగా ఏలిన ఐరీన్ సాలిడస్‌ను పోల్చుకోవడం తేలిక: రెండు వైపులా ఆమె బొమ్మే. 912–913లో ఏడాది పైచిలుకు ఏలిన అలెగ్జాండర్ సాలిడస్‌లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి, వాటి మీద ఒక సాధువు చక్రవర్తికి కిరీటం పెడుతుంటాడు.

హెరాక్లియస్ (610–641) అరుదైన చక్రవర్తి కాదు, అతని నాణేల లోపలి వరసలే సందడి. మొదట ఒంటరి బొమ్మ. 613 నుంచి పక్కన కొడుకు. మొదట చిన్న తలగా ఉన్న ఆ పిల్లాడు ఏళ్లు గడిచే కొద్దీ పెద్దవుతాడు. 629 ప్రాంతం నుంచి తండ్రికి ఛాతీ దాకా గడ్డం. 632 తర్వాత ఇంకో కొడుకు హెరాక్లోనాస్ కూడా చేరి ముగ్గురూ నిలబడి ఉంటారు. ఆ ముగ్గురి బొమ్మల్లో ఎడమ పక్క నిలబడ్డ హెరాక్లోనాస్‌కు కిరీటం లేకపోతే ముందు కాలం, ఉంటే 638లో అతనికి ఆగస్టస్ హోదా వచ్చిన తర్వాతి కాలం. బొరుసు వైపు శిలువ పక్కన ఖాళీలో ఒంటి అక్షరాలు, పేరులోని అక్షరాలను కలిపి అల్లిన ముడులు, నక్షత్రాలు కనిపిస్తాయి. కేటలాగులు వీటిలో ప్రతిదానికీ విడి సంఖ్య ఇస్తాయి. ఈ చక్రవర్తి నాణెం కొనేటప్పుడు ‘హెరాక్లియస్ సాలిడస్’ అన్న వర్ణన ఏమీ చెప్పనట్టే.

ఆ ముగ్గురి బొమ్మనే తొలి ఇస్లామిక్ పాలకులు అనుకరించారు. కిరీటాల మీది శిలువలు తీసేశారు, మెట్ల మీది శిలువ అడ్డకమ్మీని తొలగించి ఉత్త స్తంభం మిగిల్చారు. హిజ్రీ 77లో (696–97) ఖలీఫా అబ్దుల్ మాలిక్ బొమ్మలే లేని దీనారు తెచ్చే ముందు సంగతి ఇది. శిలువ అచ్చులోనే లేదా, ఎవరో నాణెం మీద గీకేశారా అన్నది ఇక్కడ కీలకం. అచ్చులో లేకపోతే ఆ చోటు చుట్టుపక్కల మైదానమంత నునుపుగా ఉంటుంది.

పదో శతాబ్దం తర్వాత

రెండో నికెఫోరస్ ఫోకాస్ (963–969) రెండు క్యారెట్లు తక్కువున్న టెటార్టెరాన్ తెచ్చాడు. పూర్తి బరువుది హిస్టమెనాన్ అయింది. మొదట్లో రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, కాబట్టి అక్కడ తూకమే దిక్కు: 4.4 గ్రాముల దగ్గరా, 4.05 దగ్గరా. 1025 తర్వాత హిస్టమెనాన్ వెడల్పై పలచబడింది, టెటార్టెరాన్ చిన్నదై మందమైంది. అంచు కోసిన హిస్టమెనాన్‌లు విరివిగా దొరుకుతాయి, వాటిని టెటార్టెరాన్ అనుకోకండి. మందం చెబుతుంది.

పదకొండో శతాబ్దంలో వన్నె పడిపోయింది. ఏడో మైకేల్ (1071–78) కాలానికి అది పదహారు క్యారెట్ల దగ్గరికి వచ్చింది, ఇక్కడ క్యారెట్ అంటే మన అర్థంలో వన్నే. మొదటి అలెక్సియస్ 1092లో ఇరవైన్నర క్యారెట్ల గిన్నె ఆకారపు హైపర్‌పైరాన్‌తో దాన్ని నిలబెట్టాడు. అందువల్ల పాలిపోయిన రంగు ఏడో మైకేల్ నాణేనికి సహజం, అదే రంగు జస్టీనియన్ నాణేనికి అనుమానాస్పదం.

నీటిలో తూకం, దాని హద్దు

విశిష్ట సాంద్రత పరీక్ష నాణేన్ని పాడుచేయదు. గీటురాయి మీద మాత్రం ఎప్పుడూ గీయించకండి, అంచు మీద ఆ మచ్చ శాశ్వతం. నాణేన్ని గాలిలో తూచి, సన్నటి నైలాన్ దారంతో కట్టి నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి మళ్లీ తూచాలి. గాలి బరువును రెండు తూకాల తేడాతో భాగించాలి. వెయ్యి పాళ్లలో తొమ్మిది వందల ఎనభై బంగారం, మిగతాది వెండి అయితే జవాబు 19కి దగ్గరగా రావాలి. పదహారు క్యారెట్లకు 15 దగ్గర, ఎనిమిదికి 12.4 దగ్గర వస్తుంది. రాగి కలిస్తే ఇంకాస్త కిందికి.

4.4 గ్రాముల నాణెం తొలగించే నీరు 0.23 గ్రాము మాత్రమే. 0.01 గ్రాము దాకా చూపే తక్కెడలో ఒక్క మెట్టు తేడా వచ్చినా జవాబు నాలుగు శాతం తప్పుతుంది, అంటే 19 కాస్తా 18.2 అవుతుంది. అందుకే 0.001 గ్రాము చూపే తక్కెడ కావాలి. గాలి బుడగలు పట్టకుండా నీటిలో ఒక చుక్క ద్రవ సబ్బు వేయాలి. గిన్నె నాణేల లోపలి వంపులో బుడగ దాక్కుంటుంది, ముందు నీటిలోనే ఒకసారి తిప్పి విడిపించండి. కొలికి అతికించిన నాణేనికి ఈ పరీక్ష అర్థం లేనిది.

వన్నె సరిపోయినంత మాత్రాన నాణెం అసలైంది కాదు. మంచి బంగారంతోనే నకిలీలు కొడతారు. పోతపోసిన వాటిలో మైదానంలో సన్నటి గుంటలు, గుండ్రబడ్డ అక్షరపు అంచులు కనిపిస్తాయి. కొత్త అచ్చుతో కొట్టినవి పట్టుకోవడం కష్టం. వాటికి ఒకే మందు: అదే అచ్చు నాణేలను ఫొటోల్లో వెతకడం. అసలైన రెండు నాణేలకు అచ్చు ఒకటే అయినా బంగారు బిళ్ల ఆకారం, బొమ్మ జరిగిన దిశ, దెబ్బలు వేరువేరుగా ఉంటాయి. నాణేలు రెండింటి మీదా ఒకే చోట ఒకే గీత, ఒకే జరుగుడు ఉంటే ఆ రెండూ అనుమానమే. వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ సేకరణ ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, పోలికకు అక్కడి నుంచి మొదలుపెట్టండి. అచ్చుల దిశ కూడా రాసుకోండి: రాజధాని సాలిడస్‌లు ఎక్కువ భాగం బొమ్మకు బొరుసు తలకిందులుగా ఉండేలా కొట్టారు.

దక్కన్‌లో దొరికినవి

ఈ నాణేలు మన వైపుకీ చేరాయి. తెలంగాణలోని వీపనగండ్ల, కర్ణాటకలోని అక్కి ఆలూరు నిధుల్లో సాలిడస్‌లు ఉన్నాయి. దక్షిణాదిలో దొరికిన వాటిలో చాలావాటికి ప్రత్యేక లక్షణం ఉంది: చక్రవర్తి తల పైన పక్కపక్కనే రెండు రంధ్రాలు. మెడలో వేసుకుంటే ముఖం నిటారుగా, కదలకుండా నిలబడేందుకు అలా పొడిచారు. వీటితో పాటు ఇక్కడే తయారైన అనుకరణలూ దొరికాయి, వాటిలో రాత అక్షరాల్లా కనిపించే గీతలుగా మారిపోయి ఉంటుంది. వేలంలో రంధ్రమున్న నాణేనికి ధర పడిపోతుంది కాబట్టి కొందరు ఆ రంధ్రాల్లో బంగారం నింపి పాలిష్ పట్టిస్తారు. అలా చేస్తే నాణెం భారతదేశంలో తిరిగిందన్న సాక్ష్యమే చెరిగిపోతుంది. భూతద్దంలో తల పైభాగాన రెండు చిన్న వృత్తాలు, రంగులో కొద్ది తేడా, చుక్కల వలయంలో తెగుదల కనిపిస్తే ఆ నాణెం ప్రయాణం మీ ముందు ఉన్నట్టే. దాన్ని లోపంగా కాక ఆధారంగా నమోదు చేయండి.

పొలంలోనో పునాదిలోనో ఇలాంటివి బయటపడితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి గురించి కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. దొరికిన నాణేలను కడగవద్దు, విడదీయవద్దు. ఎన్ని దొరికాయి, ఏ పాత్రలో, ఎంత లోతున, ఏవి ఏ నాణేలకు అంటుకుని ఉన్నాయి అన్నది రాసి, ఒక్కో నాణేనికి రెండు వైపులా స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. తూకం గ్రాములో వెయ్యో వంతు దాకా, వెడల్పు, అచ్చుల దిశ, అడుగు అక్షరాలు కనిపించినవి కనిపించినట్టుగా రాయండి. చదవలేని అక్షరాన్ని ఊహించి పూరించకుండా అక్కడ చుక్క పెట్టండి.